ముందు బండి, తర్వాత విమానం: 1/72 స్కేలులో ఒక కెట్టెన్‌క్రాడ్, ఎమ్ఈ 262 డయోరమా కేస్ స్టడీ

ఈ పని ఒప్పుకున్నప్పుడు అడిగింది ఇంతే: 1/72 స్కేలులో, అంటే నిజం సైజులో 72వ వంతుగా, మెస్సర్‌ష్మిట్ ఎమ్ఈ 262 అనే రెండో ప్రపంచ యుద్ధ కాలపు జర్మన్ జెట్ యుద్ధ విమానం కావాలి, అది నేల మీదే ఉండాలి, పక్కన మనుషులు పని చేస్తూ కనిపించాలి. ఇలా నేలతో, మనుషులతో కట్టే చిన్న దృశ్యాన్నే డయోరమా అంటారు. అడిగినాయన మన ఎయిర్‌ఫోర్సులో గ్రౌండ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నారు. ఎగిరే విమానాలు అందరూ చేయిస్తారనీ, వాటిని ఎగిరేలా తయారుచేసేవాళ్లను ఎవరూ చేయించరనీ ఆయన ఫిర్యాదు. నా దగ్గరికి వచ్చే ఆర్డర్లు చూస్తే ఆయన మాట నిజమే. ఆయన దగ్గర ఎన్నో ఏళ్ల కిందటి ఓపెల్ బ్లిట్జ్ అనే జర్మన్ లారీ ప్లాస్టిక్ కిట్ కూడా ఒకటి ఉంది, అట్ట పెట్టె నలిగిపోయి. అదీ ఇందులో పెట్టాలన్నారు. చిక్కేమిటంటే ఆ లారీ 1/76 స్కేలుది.

ఇలాంటి పనిలో మామూలుగా అందరూ విమానం ముందు కట్టి, బళ్లను చివర్లో చుట్టూ పేరుస్తారు. నేను తిరగేసి చేస్తాను. బండి ఏ నేల మీద నడుస్తుందో, ఎంత బరువు లాగుతుందో, ఏ రంగులో ఉంటుందో తేలిపోతే బేస్ ఎలా ఉండాలో, విమానం ఏ దశలో కనిపించాలో వాటంతట అవే తేలిపోతాయి. ఈ కేసులో అది ఎలా కుదిరిందో చెబుతాను.

అసలు ఈ జెట్‌ను బండితో ఎందుకు లాగారన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టాను. 1944 మే నుంచి అమెరికా బాంబర్లు జర్మనీ సింథటిక్ ఇంధన ఫ్యాక్టరీల మీద పడ్డాయి. యుద్ధం తర్వాత అమెరికన్లే చేసిన స్ట్రాటజిక్ బాంబింగ్ సర్వే లెక్క ప్రకారం, ఆ ఫ్యాక్టరీల నుంచి వచ్చే విమాన పెట్రోలు ఏప్రిల్‌లో 1,75,000 టన్నులు. జూలైకి అది 30,000 టన్నులకు, సెప్టెంబరుకి 5,000కి పడిపోయింది. జెట్‌కి పోసే జె2 అనే ఇంధనం పెట్రోలు కన్నా తక్కువ రకంది, దొరకడం కొంత తేలిక. అయినా రన్‌వే చివరిదాకా సొంత ఇంజన్ల మీద వెళితే ఎగరకముందే బోలెడంత కాలిపోతుంది. పైగా ఈ జెట్‌కి బిగించిన జూమో 004 ఇంజన్ ఆయుష్షు 25 గంటలు అటూ ఇటూ, చాలాసార్లు అంతకన్నా తక్కువే. నేల మీద తిప్పి ఆ గంటలు ఖర్చు చేసుకోవడం ఎవరికిష్టం? అందుకే కెట్టెన్‌క్రాడ్ తగిలించి లాగేవారు.

కెట్టెన్‌క్రాడ్ అంటే ముందు మోటార్‌సైకిల్ చక్రం, హ్యాండిల్, వెనక ట్యాంకుకి ఉన్నట్టు గొలుసు పట్టీలు. నెకర్సుల్మ్‌లోని ఎన్‌ఎస్‌యూ కంపెనీ డిజైన్. ఓపెల్ ఒలింపియా కారు నుంచి తీసుకున్న ఒకటిన్నర లీటర్ల, 36 హార్స్‌పవర్ ఇంజన్ డ్రైవర్ వెనకాల ఉంటుంది. దాని వెనక ఇద్దరు వెనక్కి తిరిగి కూర్చుంటారు. హ్యాండిల్ కొంచెం తిప్పితే ముందు చక్రమే తిరుగుతుంది, ఇంకా తిప్పితే ఆ వైపు పట్టీకి బ్రేకు పడుతుంది. చూడ్డానికి ఎవరో సరదాకి కలిపి కట్టినట్టుంటుంది గానీ, యుద్ధకాలంలో ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి, యుద్ధం అయిపోయాక కూడా కొన్నాళ్లు పొలం పనులకూ అడవి పనులకూ చేశారు. పొడవు 3 మీటర్లు, వెడల్పు ఒక మీటరు. 1/72లో 42 మి.మీ. పొడవు, 14 మి.మీ. వెడల్పు. అగ్గిపెట్టె మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది.

ఇక్కడ మొదటి నిర్ణయం వచ్చేసింది. ఖాళీ ఎమ్ఈ 262 బరువే దాదాపు 3,800 కిలోలు, ఇంధనం, తుపాకీ గుళ్లు నింపితే 6 టన్నులు దాటుతుంది. 36 హార్స్‌పవర్ బండి దాన్ని మెత్తని గడ్డి నేలలో లాగలేదు, కాంక్రీటు మీద మెల్లగా లాగగలదు. ఆయన ఇష్టపడి గీసి పంపిన స్కెచ్‌లో విమానం పచ్చిక మీద ఉంది. ఈ లెక్క చెప్పగానే ఆయనే కొట్టేశారు. మిగ్‌లు లాగించిన మనిషి, నేల సంగతి నేను ఆయనకు చెప్పేదేముంది?

కాంక్రీటు అనుకున్నాక చోటు వెతకడం సులువైంది. జర్మనీలోని బవేరియాలో లైప్‌హైమ్, బుర్గావ్ ప్రాంతపు అడవుల్లో చెట్ల కింద దాచి ఎమ్ఈ 262లు బిగించే ఫ్యాక్టరీ ఉండేది, దానికి పెట్టిన రహస్య పేరు కూనో. పక్కనే ఆటోబాన్, అంటే వాళ్ల హైవే. పూర్తయిన విమానాన్ని చెట్ల కింద నుంచి లాక్కొచ్చి ఆ హైవే నుంచే లేపేవారు. 1945 మొదటి నెలల్లో సంగతి ఇది. బుర్గావ్‌లో నాజీల డఖావ్ నిర్బంధ శిబిరానికి అనుబంధ శిబిరం పెట్టి, యూదు ఖైదీలను, ఆడవాళ్లనూ మగవాళ్లనూ, మెస్సర్‌ష్మిట్ పనికి వాడుకున్నారు. ఇది పెట్టె మీది బొమ్మలో ఎక్కడా కనిపించదు. బేస్ ముందు అతికించే పేరు పలకలో ఈ విషయం రెండు వరుసల్లో రాయాలని నేను అడిగాను. ఆయన వెంటనే సరేనన్నారు.

చోటు తేలడంతో విమానం రంగు కూడా తేలింది. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే బయటికొచ్చిన విమానం కాబట్టి అది పూర్తిగా పెయింట్ పడకుండా ఉండొచ్చు. ఆ కాలపు ఫోటోల్లో ఇలాంటివి చాలా కనిపిస్తాయి: రేకు రంగు ఒళ్లు, రేకుల అతుకుల మీద పట్టీలు పట్టీలుగా పుట్టీ. దీని సంగతికి మళ్లీ వస్తాను, ముందు బండి పూర్తి చేద్దాం.

కెట్టెన్‌క్రాడ్ చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ముందు చక్రాలు, వెనక పట్టీలు ఉండే జర్మన్ హాఫ్‌ట్రాక్‌లు చాలావాటికి ఇదే పద్ధతి. కట్టేశాక లోపలి చక్రానికి బ్రష్ అందదు. అందుకని చక్రాలను స్ప్రూ (పార్టులు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద ఉండగానే పెయింట్ చేసి, రబ్బరు అంచులకు ముదురు బూడిద రంగు వేసి, ఆ తర్వాత వరుసగా అతికించాలి. పట్టీలకు నలుపు వేయొద్దు. ఈ బండి పట్టీ లింకులకు రబ్బరు ప్యాడ్లు ఉంటాయి, మిగతాది తుప్పు, మట్టి కలిసిన గోధుమ రంగు. కాంక్రీటు మీద తిరిగితే లోహపు అంచులు కొంచెం మెరుస్తాయి. పెన్సిల్ లెడ్ పొడిని వేలితో అద్దితే చాలు.

పార్టుల్లో నేను మార్చింది ముందు ఫోర్కు. ప్లాస్టిక్‌లో అది 0.8 మి.మీ. లావు. 72తో గుణిస్తే దాదాపు 58 మి.మీ., అంటే నిజం బండికి ఇంటి డ్రైనేజీ గొట్టం తగిలించినట్టు. కరెంటు వైరు లోపలి 0.4 మి.మీ. రాగి తీగతో ఫోర్కు, హ్యాండిల్ చేశాను. చిన్న స్కేలులో కళ్లు మోసపోయేది ఇలాంటి చోటే. పెద్ద కొలతలు మిల్లీమీటరు అటూ ఇటైనా ఎవరూ పట్టుకోరు, సన్నగా ఉండాల్సింది లావుగా ఉంటే మాత్రం బొమ్మ అని వెంటనే తెలిసిపోతుంది.

రంగు విషయానికొస్తే, 1943 ఫిబ్రవరి దాకా జర్మన్ సైనిక బళ్లకు ముదురు బూడిద రంగు, ఆ తర్వాత డుంకెల్‌గెల్బ్ అనే ముదురు పసుపు. 1945 సీన్ కాబట్టి రెండోదే. విదేశీ హాబీ పెయింట్లు మన దగ్గరికి రావడం తలనొప్పి. మండే ద్రవాలని కొరియర్ వాళ్లు తీసుకోరు, వచ్చినా ధర చూస్తే గుండె గుభేల్‌మంటుంది. స్టేషనరీ షాపులో దొరికే ఆర్టిస్ట్ అక్రిలిక్ ట్యూబులతో నేను కలిపేది ఇలా: ఎల్లో ఆకర్ ఎక్కువ, రా అంబర్ కొంచెం, తెలుపు తగినంత, నలుపు సూది మొన మీద పట్టేంత. మామిడిపండు పసుపు వైపు పోకూడదు, కొంచెం మురికిగా, ఇసుకలా ఉండాలి. ఎయిర్‌బ్రష్‌లో పట్టాలంటే నీళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాల పల్చదనానికి తేవాలి. మా కాకినాడలో మే నెలలో ఇది నాజిల్ మొన మీదే ఆరిపోతుంది, అందుకని ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ చుక్క వేసి తెల్లవారుజామున కొడతాను. వానాకాలంలో కష్టం వేరు. లాకర్ పెయింట్, అంటే థిన్నర్‌తో కలిపే రకం, కొడితే గాలిలో తేమ పట్టి తెల్లగా మసకబారుతుంది. కోస్తాలో ఉండేవాళ్లు వాన పడే సాయంత్రం లాకర్ డబ్బా మూత తీయకపోవడమే మేలు.

నంబర్ ప్లేటు చిన్నదే గానీ ముఖ్యం. వైమానిక దళం బండి కాబట్టి డబ్ల్యూఎల్ అక్షరాలతో మొదలవ్వాలి. డబ్ల్యూహెచ్ ఉంటే అది ఆర్మీ బండి. చాలా కిట్లలో డెకాల్స్, అంటే నీళ్లలో తడిపి అతికించే అక్షరాల, గుర్తుల స్టిక్కర్లు, ఆర్మీవే ఎక్కువ ఇస్తారు. పాత విమానాల కిట్లలో మిగిలిన డెకాల్ ముక్కల నుంచి అక్షరాలు ఏరి కలిపాను.

ఇప్పుడు లారీ. 1/72కీ 1/76కీ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కంగారు తగ్గుతుంది. 1/72 అంటే ఒక అంగుళానికి ఆరు అడుగులు, విమాన మోడళ్లకు బ్రిటన్‌లో యుద్ధానికి ముందే స్థిరపడ్డ స్కేలు. 1/76 అక్కడి ఓఓ రైలు బొమ్మల స్కేలు, అడుగుకి నాలుగు మిల్లీమీటర్లు. ఎయిర్‌ఫిక్స్, మ్యాచ్‌బాక్స్ లాంటి కంపెనీలు సైనిక వాహనాలను ఈ రెండోదాంట్లో తెచ్చాయి. అందుకే ఇప్పటికీ ఒకే అల్మారాలో రెండు స్కేళ్ల బళ్లు పక్కపక్కన తగువులాడుతుంటాయి. (ఒక తమాషా: 2010 తర్వాత ఎయిర్‌ఫిక్స్ కిట్లు చాలా వాటి పెట్టెల మీద మేడ్ ఇన్ ఇండియా అని ఉంటుంది. ఇక్కడ అచ్చుపోసి, అక్కడికి వెళ్లి, మళ్లీ మనం కస్టమ్స్ సుంకం కట్టి తెప్పించుకున్నామన్నమాట.)

ఓపెల్ బ్లిట్జ్ మూడు టన్నుల లారీ పొడవు సుమారు 6 మీటర్లు. 1/72లో 83 మి.మీ. పైచిలుకు, 1/76లో 79. ఎత్తులో తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. ఈ తేడాను కన్ను పట్టుకునేది పొడవులో కాదు, మనిషి పక్కన నిలబడ్డప్పుడు. 1/72 మనిషి భుజం లారీ తలుపు హ్యాండిల్ దగ్గర ఎక్కడ ఉందో చూడగానే ఏదో తేడాగా అనిపిస్తుంది. అందుకని రెండు పనులు చేశాను. లారీని విమానానికి వెనకగా, చెట్ల అంచుకి జరిపాను, చూసేవాళ్లకు దూరంగా. చిన్న స్కేలు వెనక ఉంటే దృశ్యానికి లోతు వస్తుంది. అరమీటరు దూరం నుంచి చూస్తే ఈ రెండు స్కేళ్ల తేడా మూడు సెంటీమీటర్ల దూరం తేడాతో సమానం, లారీని జరిపింది అంతకు నాలుగింతలు. రెండోది, లారీ పక్కన మనిషిని నిలబెట్టలేదు. వెనక డెక్కు మీద ఒకణ్ణి వంగి డ్రమ్ము దొర్లిస్తున్నట్టు పెట్టాను. వంగిన మనిషి ఎత్తు ఎవరూ కొలవరు.

లారీలో ఏముండాలన్న దాని మీద మాట్లాడుకోవడమే ఈ పనిలో నాకు బాగా నచ్చింది. ఎమ్ఈ 262 ట్యాంకులు నాలుగు: 900 లీటర్లవి రెండు, 600 లీటర్లది ఒకటి, 170 లీటర్లది ఒకటి, మొత్తం 2,570 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ములైతే పదమూడు. ఇంధనం రెండు టన్నులకు పైగా, డ్రమ్ముల బరువు కలిపితే రెండున్నర దరిదాపు. మూడు టన్నుల బ్లిట్జ్ ఒక్క ఖేపుకి ఒక్క విమానం కడుపు నింపుతుంది, అంతే. ఆయన ఈ లెక్క విని, "డెక్కు నిండా వద్దు బాబూ, ఆరేడు పెట్టు, వాళ్లకు నిండా ఎక్కడ దొరికింది" అన్నారు. ఏడు పెట్టాం. ఒక్కోటి 12 మి.మీ. ఎత్తు, 8 మి.మీ. వ్యాసం. అంత సైజు ప్లాస్టిక్ గొట్టం కోసి, చుట్టూ సన్నని దారం తిప్పి సూపర్‌గ్లూతో బిగిస్తే రింగులు వచ్చేశాయి.

విమానం దగ్గరికొస్తే, ఇలా ముక్కు కింద చక్రం ఉన్న మోడల్ చాలావరకు తోక మీద కూలబడుతుంది. ముక్కులో బరువు వేయాలి. కిట్ సూచనల్లో ఇచ్చిన గ్రాములను నేను నమ్మను. పుట్టీ, పెయింట్, ఇంజన్ తొడుగుల మందం అన్నీ కలిసి లెక్క మారుతుంది. బాడీ, రెక్కలు టేపుతో తాత్కాలికంగా కలిపి, వెనక చక్రాలు వచ్చే చోట రెండు పెన్సిళ్ల మీద ఆనించి, ముక్కు కిందకి వాలేదాకా గాలపు సీసం గుళ్లు వేస్తూ పోవాలి. ఆ తర్వాత ఇంకొంచెం. వాటిని తెల్ల ఫెవికాల్ రకం జిగురుతో అతికించొద్దు. సీసం ఆ జిగురుతో నెమ్మదిగా చర్య జరిపి ఉబ్బుతుంది, కొన్నేళ్లకు ముక్కు చీలిపోయిన మోడళ్లున్నాయి. ఎపాక్సీ వాడాలి. లాగే కడ్డీ ముక్కు చక్రాన్ని ఎలాగూ పట్టుకుంటుంది కదా అని బరువు తగ్గించాలనిపిస్తుంది. 14 మి.మీ. వెడల్పు బండి మీద ఆ భారమంతా వేస్తే రాగి తీగ వంగుతుంది. బరువు పూర్తిగా వేసి, కడ్డీని ఊరికే తగిలించాను. ఇత్తడి తీగ అది, అవసరమైతే ఊడదీయొచ్చు.

ఇక రేకు ఒళ్లు. 1/72 కిట్లలో రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలు 0.2 మి.మీ. వెడల్పు ఉంటే అది నిజంలో 14 మి.మీ. సందు. వేలు పట్టే సందులతో ఏ విమానం ఎగురుతుంది? పైగా ఈ విమానానికి అసలు ఫ్యాక్టరీలోనే అతుకులన్నీ పుట్టీతో పూడ్చి, నున్నగా రుద్దేవారు. గీతల్లో నల్ల వాష్, అంటే బాగా పల్చటి రంగు, పోసి ఎత్తి చూపించడం మన హాబీలో ఫ్యాషన్ గానీ, ఇక్కడ అది పచ్చి అబద్ధం అవుతుంది. తెరుచుకునే మూతల గీతలు మాత్రం ఉంచి మిగతావన్నీ పూడ్చేశాను. కొన్న పుట్టీ అక్కర్లేదు. అదే కిట్ స్ప్రూ ముక్కలను మోడల్ ప్లాస్టిక్‌ను అతికించే పలచని సిమెంట్‌లో కరిగించి చిక్కటి ద్రవం చేస్తే, ఆరాక మోడల్ ప్లాస్టిక్‌తో ఒకటైపోతుంది, రుద్దినప్పుడు మెట్టు పడదు. ఆ తర్వాత 2000 నంబరు గరుకు పేపరుతో నీళ్లు పోస్తూ రుద్దడం. రేకు రంగు కింద ఒక్క గీరు ఉన్నా అద్దంలో చూపించినట్టు బయటపడుతుంది.

అల్యూమినియం రంగు ఒకే డబ్బాలోంచి ఒళ్లంతా కొట్టలేదు. ఈ విమానాల భాగాలు వేర్వేరు చోట్ల తయారై వచ్చి ఒకచోట కలిసేవి. అందుకని రెక్కలకు ఒక ఛాయ, వెనక బాడీకి కొంచెం బూడిద కలిపినది, ముక్కు భాగానికి ఇంకొంచెం ముదురు వేశాను. ఇంజన్ తొడుగులకు మాత్రం ఫ్యాక్టరీలో ముందే రంగు పడినట్టు ఆకుపచ్చ వేశాను. ఫోటోల్లో ఇలా అతుకులబొంతలా కనిపించేవి చాలానే. పుట్టీ పట్టీలు టేపును ఒక మిల్లీమీటరు సందు వదిలి అతికించి, లేత బూడిద ఆకుపచ్చతో పలచగా కొట్టాను. అంచులు మరీ సూటిగా ఉంటే స్టిక్కర్‌లా కనబడుతుంది, టేపు తీశాక తడి గుడ్డతో అక్కడక్కడా తుడవాలి.

తోక మీద స్వస్తిక గురించి ఒక మాట. జర్మనీ చట్టం వల్ల చాలా కిట్లలో ఆ డెకాల్ ఉండదు, లేదా రెండు ముక్కలుగా ఇస్తారు. గుమ్మానికి రోజూ కుంకుమతో స్వస్తిక పెట్టుకునే మన ఇళ్లలో దీన్ని షోకేసులో చూసి పిల్లలు అడిగే ప్రశ్నలు వేరు, అక్కడివాళ్లు అడిగేవి వేరు. మా విమానం ఇంకా గుర్తులు పూర్తిగా పడని దశలో ఉంది కాబట్టి వదిలేశాం. చరిత్ర ప్రకారం తోక మీద గుర్తు ఉండాల్సిన మోడల్‌కైతే నేను పెడతాను, దాచను.

మనుషుల దగ్గర ఆయన అనుభవం నా ఫోటోలన్నిటి కన్నా ఎక్కువ పనికొచ్చింది. నేను పంపిన లేఅవుట్‌లో కెట్టెన్‌క్రాడ్ డ్రైవర్, వెనక ఒకడు, అంతే. "కాక్‌పిట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి మనిషి లేకుండా విమానాన్ని ఎలా లాగుతారు? కడ్డీ ఊడితే?" అని అడిగారు. కాక్‌పిట్ మూత పక్కకి తెరిచి ఒక మెకానిక్‌ని కూర్చోబెట్టాను, తలకి టోపీయే, హెల్మెట్ కాదు. తర్వాత రెక్క చివర్ల దగ్గర మనుషులు. రెక్కల ఈ చివర నుంచి ఆ చివరకి పన్నెండున్నర మీటర్లు, 1/72లో దాదాపు 175 మి.మీ. చెట్ల మధ్య నుంచి బయటికి తీస్తుంటే ఎడమ చివర ఒకడు, కుడి చివర ఒకడు చూసుకుంటూ నడవాలి. ఎడమవైపు వాడి చెయ్యి పైకెత్తాను, ఆగమన్నట్టు, ఎందుకంటే ఆ వైపు కొమ్మ దగ్గరగా ఉంది. ఆయనకి బాగా నచ్చింది ఆ చెయ్యే. డ్రైవర్ మెడను వేడి చేసిన బ్లేడుతో కోసి ఎడమకి తిప్పి మళ్లీ అతికించాను. ఆ చిన్న మలుపుతో అందరూ ఒకే పనిలో ఉన్నారని తెలుస్తుంది.

బేస్ చకచకా అయిపోయింది. కాంక్రీటుకి సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ అట్ట, దాని మీద స్లాబుల అతుకులు గీసి, ఇసుక కలిపిన అక్రిలిక్. ఆ ప్రాంతంలో స్ప్రూస్ చెట్లు, దేవదారు జాతి, నిటారుగా ఉంటాయి. కొబ్బరి పీచును తీగ మధ్య మెలిపెట్టి, కత్తెరతో కోన్ ఆకారంలో కత్తిరించి, ముదురు ఆకుపచ్చ కొట్టాను. ఇంట్లో వాడేసి ఎండబెట్టిన టీపొడి అడవి నేలకు సరిగ్గా సరిపోతుంది, బాగా ఎండకపోతే మాత్రం బూజు పడుతుంది. చెట్లు విమానం తోక కన్నా బాగా ఎత్తుగా ఉండాలి. తోక ఎత్తు 49 మి.మీ., చెట్లు 20 సెం.మీ. దాకా వెళ్లాయి. తక్కువ ఎత్తు చెట్లు పెడితే అడవి కాస్తా తోటలా ఉంటుంది.

మురికి పంచడంలో ఒక క్రమం పాటించాను. కెట్టెన్‌క్రాడ్ బాగా మురికి, లారీ చక్రాలు, మడ్‌గార్డులు మురికి, విమానం దాదాపు శుభ్రం, చక్రాల టైర్లకు మాత్రం కొంచెం దుమ్ము. విమానం కొత్తది, బళ్లు నెలల తరబడి నలిగినవి. అన్నిటికీ ఒకే గోధుమ వాష్ పోస్తే ఈ తేడా పోతుంది. ఆయన మొదట విమానం మీద కూడా ఇంజన్ పొగ మరకలు అడిగారు. అది ఇంకా ఒక్కసారి కూడా ఎగరలేదు కదా సార్ అన్నాను. నవ్వేసి ఊరుకున్నారు.

హైదరాబాద్‌కి బస్సులో పంపడం కోసం బేస్‌ని రెండు ముక్కలుగా చేశాను, కాంక్రీటు స్లాబు అతుకు దగ్గరే కోత పడేలా. అక్కడ కోత కనబడదు. విమానం చక్రాల నుంచి కిందకి పిన్నులు, బేస్‌లో రంధ్రాలు. కెట్టెన్‌క్రాడ్‌ని విడిగా ఒక మాత్రల డబ్బాలో దూది మధ్య పెట్టి, కడ్డీ ఎటువైపు తగిలించాలో ఫోటో తీసి పంపాను. కిట్ పెట్టెలో రెండో కెట్టెన్‌క్రాడ్ కూడా వచ్చింది, దాన్ని కట్టకుండా అలాగే పార్శిల్లో పెట్టాను. ఆయన మనవడు మొదలుపెట్టాడట, చక్రాలు స్ప్రూ మీదే పెయింట్ చేయాలా అని ఫోన్‌లో అడిగాడు.